సిమెంటు బస్తాలూ బూడిద ముద్రా

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడపడుచు. జగ్గయ్యపేట నుంచి వచ్చి, నందిగామలో మా గుమ్మం ఎక్కుతూనే, "మీ అన్నయ్య కూతురి ఉద్యోగం ఊడేట్టుందంట వదినా" అంది. మంచినీళ్లయినా తాగలేదు.

ఎనభైల చివరి మాట. మా అన్నయ్య కూతురు జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ మీద పనిచేసేది. గోడౌన్లో ఏ బస్తాలు ఉన్నాయి, ఏవి లారీ ఎక్కాయి అన్నదంతా అందులోని డేటాబేసులో ఉండేది. లెక్క అడిగితే అది తేల్చేసరికి గేటు దగ్గర లారీలు బారులు తీరేవి. డ్రైవర్ల తిట్లు మేనేజరుకి, మేనేజరు తిట్లు పిల్లకి. వారంలోగా బాగుచేయకపోతే ఇంటికి పొమ్మన్నాడట.

ఆదివారం మా ఇంటికొచ్చింది. నేను దీపం పెట్టుకుంటుంటే పక్కన చేరి మొదలుపెట్టింది. బడి గడప తొక్కని నాకు, నాన్న ఇంట్లో దిద్దించిన నాలుగక్షరాలే దిక్కయిన నాకు, కంప్యూటర్ పాఠం!

"ఒకళ్లు రాస్తుంటే ఇంకొకళ్లు చూస్తుంటారత్తా. సగం రాసింది చూసేవాళ్లకి కనబడకూడదు. అందుకని కంప్యూటరు లెక్కలో ఒక్కో వరుస దగ్గర ఆగి, ఇది రాసినోళ్ల పని పూర్తయిందా లేదా అని విచారిద్ది."

"నిరుడు రాసినదానిక్కూడానా?"

"దానిక్కూడా!"

"మీ మామయ్యకి తోడబుట్టిందే అది."

అబద్ధం కాదు. కళ్లంలో ధాన్యం రాశి పోశాక దాని మీద తడిబూడిదతో ముద్ర వేస్తాం. ముద్ర చెదరకపోతే ఎవరూ ముట్టుకోలేదని అర్థం, మళ్లీ చూడక్కర్లేదు. మా వారు మాత్రం ప్రతి రాశినీ తడిమి చూడందే అన్నానికి రారు. ఆ తడమడంలో ముద్రలు చెరిగిపోయేవి. మళ్లీ వేసేది నేను. కూర చల్లారిపోయేది.

ఆ విసుగంతా వెళ్లబోసుకుంటుంటే పిల్ల లేచి కూర్చుంది. కొన్ని వరుసలు కలిపి ఒక పేజీ అట. ఆ పేజీలో అన్నీ పూర్తయినవే, అందరూ చూడొచ్చు అని పేజీకంతటికీ ఒకటే గుర్తు పెడితే, వరుస వరుసనీ విచారించే పనుండదంది. అన్నం తినకుండానే బస్సెక్కింది.

బుధవారం ఏడుపు మొహంతో మళ్లీ దిగింది. లెక్క చిటికెలో వచ్చిందట, తప్పుగా వచ్చిందట. లారీ ఎక్కి వెళ్లిపోయిన బస్తాలు ఇంకా గోడౌన్లోనే ఉన్నట్టు చూపిందట. వాటి కోసం కూలీలు గోడౌనంతా వెతికారట.

"ఏం చేశావే?"

"వరుస మార్చాక గుర్తు చెరిపానత్తా. ఈలోగా ఎవరో చూశారు, గుర్తుంది కదా అని నమ్మారు. ముందు చెరిపి, తర్వాత కదా ముట్టుకోవాల్సింది!"

"ముందు తడమడం, తర్వాత ముద్ర సంగతి. మామయ్య గాలి సోకింది నీకు. పో, తిని పో ఈసారైనా."

తిని వెళ్లింది. శనివారానికి లారీలు ఆగకుండా కదిలాయి. ఉద్యోగం నిలిచింది. దేవుడికి ఆ సాయంత్రం రెండు దీపాలు పెట్టాను, ఆయన దయకి కొదవేముంది. కానీ ఆ మేనేజరు! మిషను అమ్మిన పట్నం ఆయనొచ్చి బాగుచేశాడని అందరికీ చెప్పాడట. ఆయన ఆ వారం ఈ దరిదాపులకే రాలేదు.

"ఉద్యోగం మిగిలింది, చాల్లే అత్తా" అంది పిల్ల.

నాకు చాల్లేదు. పేరు రాయొద్దని తనే అంది గనుక రాయడం లేదు. ఇది చదివినవాళ్లు ఆ పట్నం ఆయన్ని కాదు, మా అన్నయ్య కూతుర్ని తలుచుకోండి.