ఆరో రేక

చర్చి బల్లకు లేసు గుడ్డ కావాలని మొన్న నన్ను అమలాపురం పంపించారు. నలుగురిలో నోరు విప్పడమే చేతకాని నన్ను బేరానికి పంపడమేమిటో! కొట్టాయన పరిచిన గుడ్డ నిండా ఆరు రేకుల పూలు. ప్రతి పూవులోనూ ఆరో రేక కాస్త కురచ. "ఫారిన్ మాలండి, మిషను మీద చేసింది. చేత్తో ఇంత సమానంగా ఎవరండీ అల్లేది?" అన్నాడాయన. బేరమాడకుండానే డబ్బిచ్చి గుడ్డ సంచిలో పెట్టుకున్నాను. ఆ కురచ రేక మా మేనత్తది.

అత్త లేసు అల్లడం నేర్చుకునేనాటికి మా నాన్న ఆవిడ ఒళ్లో పిల్లాడు. పూవు చివరికొచ్చేసరికి కాళ్లు తన్నేవాడట. ఆవిడ గబగబా ముడేసేసేది. చెయ్యి అలాగే అలవాటు పడిపోయింది. "ఇది మీ నాన్న తన్నిన తన్నేనే," అని నవ్వేది. నాన్న ఆ మాటకు ఇప్పటికీ ముఖం చాటేస్తాడు. దారమిచ్చి, అల్లిన లేసు ఎగుమతికి పట్టుకెళ్లే ఏజెంటు మాకు ఏ వరసా కాడు. అయినా అత్త అతన్ని తమ్ముడనే పిలిచేది, వచ్చినప్పుడల్లా కోడికూర వండేది. "అక్కయ్యగారండీ, మీ చెయ్యి ఎవరికొస్తుందండీ? ఒక నమూనా గుడ్డ అల్లివ్వండి, విదేశాల వాళ్లకు నచ్చితే ఆర్డరంతా మీదేనండి," అన్నాడొకసారి. ఆ వేసవంతా కళ్లు మండుతున్నా కూర్చుని ఒక గుడ్డ అల్లి ఇచ్చింది. ఆర్డరు రాలేదు. తరవాత అతనే వచ్చి, "మిషను లేసు ఓడల్లో వచ్చి పడిపోతుందండీ, మీరు కూలి తగ్గించుకోకపోతే కొనేవాడుండడండి," అన్నాడు. తగ్గించుకుంది. మళ్లీ తగ్గించుకుంది. ఆపైన అతను మా రాజోలు వైపు రావడమే మానేశాడు. ఇప్పుడు అత్త రొయ్యల షెడ్డులో తలలు తీస్తోంది. ఐసుకు మొద్దుబారిన ఆ వేళ్ల మధ్య లేసు సూది నిలవదు.

కొన్న గుడ్డ ఆవిడ కంట పడకూడదనుకున్నాను గానీ, సంచి అత్తే విప్పింది. పూవంతా వేలితో తడిమి చివరి రేక దగ్గర ఆగింది.

"నా గుడ్డే నమూనా పెట్టి మిషను మీద దింపేరే," అంది. ఆ రేక మీంచి వేలు తియ్యకుండానే, "నా కూలి కొయ్యడానికి నాకు నన్నే పోటీ తెచ్చేడన్నమాట. నా చేతి కూర తిని మరీ!" నవ్వబోయింది, కుదరలేదు.

"తిరిగి ఇచ్చేస్తానత్తా," అన్నాను.

"వద్దు, పరిచెయ్యి. దేవుడైనా చూడనీ."

ఆదివారం చర్చిలో ఆ గుడ్డ పరిచిన బల్ల ముందు నాన్న నెరిసిన తలతో నిలబడి పాట పాడుతున్నాడు. పసితనంలో ఆయన తన్నిన తన్ను ఇన్నేళ్లకు సముద్రాలు దాటి, చెక్కుచెదరకుండా ఊరికి తిరిగొచ్చింది. అత్త పనే తిరిగి రాలేదు.