అడుగుకు అరిసెలు

ముందే చెబుతున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నా నోట్లో పడితే బల్లి మొసలవుతుంది. చదివేవారు సగం తీసేసి చదువుకోండి.

ఎనభైల్లో నేను మిర్యాలగూడలో రైసుమిల్లు గుమస్తాను. మా అమ్మాయి ఏడో నెలలోనే పుట్టింది. నా చెప్పుకంటే పొట్టి. చేటలో దూది పరిచి పడుకోబెడితే, పిల్ల అనుకుని ఎన్నోసార్లు దూదినే ముద్దుపెట్టుకున్నాను. ఆ ఏడు జిల్లాలో దీపాలకు వత్తులు దొరకలేదంటే కారణం మేమే.

"ఏడో నెల పిల్ల బతుకుతది సారూ, ఫికర్ చెయ్యకు," అన్నారు మిల్లు హమాలీలు.

బతికింది. బతికాక ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

మనవాళ్లు పిల్లల ఎదుగుదలను పిండివంటలతో కొలుస్తారు కదా. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగుకు అరిసెలు. మా పిల్ల రెండేళ్లు దాటాక బోర్లా పడింది. కోదాడ నుంచి మా అత్తగారు తెచ్చిన బొబ్బట్ల బరువుకు బస్సు ఒక పక్కకు ఒరిగి వచ్చింది. గారెలకు నాలుగేళ్లు పట్టింది, అదీ పొట్టమీద పాకుతూ. ఇక అరిసెలు. అత్తగారు ఏటా చలికాలంలో కొత్త బెల్లం తెచ్చి అటకమీద పెట్టేది. అది తిని మా ఇంటి చీమలు ఏనుగులయ్యాయి.

"ఏం సారూ, మా పండ్లు ఊడినంక పెడతవా అరిసెలు?" అనేవారు హమాలీలు.

ఆరో ఏట సూర్యాపేటలో పిల్లల డాక్టరుకు చూపించాం. కత్తెరలా పెనవేసుకున్న కాళ్లను విడదీసి చూశాడు.

"నెలలు నిండక పుట్టింది గదమ్మా, మెదడుకు దెబ్బ తగిలింది. నడక రాదు."

"లేటవుద్దంటారా సార్?" అంది మా ఆవిడ.

"లేటు గాదమ్మా. రాదు."

పిల్లను ఎత్తుకుని బస్టాండు దాకా నడిచాం. ఆ రోడ్డు హైదరాబాదు దాకా సాగింది. ఆమె కుళాయి దగ్గరికి నీళ్లకు వెళ్లినప్పుడు నేను పిల్లను బెంచీ పట్టించి నిలబెట్టాను. బెంచీ వదిలి, నావైపు ఒక అడుగు వేసింది.

"నిజంగానా? నామీద ఒట్టెయ్యండి," అంది మా ఆవిడ, నేను కేకేసి చెబితే నీళ్ల సీసా కుళాయి దగ్గరే వదిలేసి వచ్చి.

వేశాను.

మర్నాడే బెల్లం అటక దిగింది. వీధంతా అరిసెలు తిన్నది. అత్తగారు పిల్లను అరిసెలమీద నిలబెట్టబోతే కాళ్లు మళ్లీ ముడిపడ్డాయి.

"దిష్టి తగిలింది. ఓసారి వేసింది కదా, మళ్లీ వేసుద్దిలే," అంది.

మళ్లీ వేయలేదు. తొంభైల్లో పిల్ల చంకలో పట్టనంత ఎదిగింది. డాక్టరు చక్రాల కుర్చీ కొనమన్నాడు.

"నడిచిన పిల్లకు బండెందుకండీ?" అని మా ఆవిడ తన నడుము పడిపోయేదాకా మోసింది.

"నేనెట్ల నడిచిన్నో చెప్పు నాయినా," అని పిల్ల నన్ను అడిగేది. చెప్పేవాణ్ణి. ఒక్క అడుగే. అదొక్కటీ ఎన్నడూ పెంచలేదు.

నా కాలి చెప్పు, దూది, బస్సు, చీమలు, ఇవన్నీ పెంచినవి. కాస్తయినా ఉన్నాయి కనుక పెంచాను. ఆ రోజు బస్టాండులో పిల్ల బెంచీ వదల్లేదు.