గురువారం గడిలో సున్నా

కుళాయి కింద గాజుగొట్టం పట్టి గీత దాకా నీళ్ళు నింపాడు. మందు ఐదు చుక్కలు వేసి, మూత బిగించి, తలకిందులు చేశాడు. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుపురంగు తిరగాలి. తిరగలేదు. గొట్టం కడిగి మళ్ళీ చేశాడు. వీధి చివరి కుళాయి దగ్గరా అంతే.

పురపాలక సంఘంలో నీళ్ళు పరీక్షించడం అతని పని. పద్దెనిమిదేళ్ళుగా అదే. వీధుల్లో చుక్కల బాబాయి అంటారు.

పంపుహౌసుకు వెళ్ళాడు. అక్కడి ఆపరేటర్ అతని భార్యకు తమ్ముడు. ఈ నెల రిపోర్టులు శుభ్రంగా ఉంటేనే ఆ కుర్రాడి ఉద్యోగం ఖాయమవుతుంది. క్లోరిన్ డ్రమ్ము ఖాళీగా ఉంది.

"రెండ్రోజులైంది బావా. స్టోర్సులో లేదన్నారు. మోటారు ఆపితే జనం నా మీద పడతారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రాసేస్తావుగా." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "అక్క మొహం చూసైనా వదిలెయ్ బావా. రేపు వచ్చేస్తుంది డ్రమ్ము."

"ముందు మోటారు ఆపు."

కోపం కూడా రాలేదతనికి.

ఆఫీసులో ఒక అలవాటుంది. సోమవారమే రిజిస్టరులో వారం మొత్తానికీ క్లోరిన్ పాయింటు రెండు, అంటే ఉండాల్సినంత ఉందని రాసేస్తారు. అతనికి పని నేర్పిన పెద్దాయన, "రోజూ వచ్చేది అదే కదయ్యా" అనేవాడు. కుళాయిల దగ్గరికి వెళ్ళేది గురువారం ఒక్కరోజే. ఇప్పుడు ఆ ఒక్క గడి దిద్దితే, ఇంకా రాని శుక్ర, శనివారాల అంకెలు అందరి కంటా పడతాయి. అవి రాసింది అతనే.

పక్క బల్ల గుమాస్తా తొంగిచూసింది. "ఏంటన్నయ్యా, రిజిస్టరు పారిపోతుందా, అలా పట్టుకు కూర్చున్నావు?"

"రంగు రాలేదమ్మా."

"కళ్ళజోడు మార్చు" అని, అతని మొహం చూసి తన కాగితాల వైపు తిరిగింది.

స్కేలు పెట్టి గురువారం అంకె కొట్టేసి సున్నా వేశాడు. తక్కిన ఐదు రోజులవీ కొట్టేసి, గడిచిన మూడింటి పక్కనా 'పరీక్షించలేదు' అని రాశాడు. ఆరు గళ్ళకూ పొడి సంతకాలు చేశాడు. మనసు తేలికపడలేదు. అడుగున, సరఫరా ఆపించామనీ, నీళ్ళు కాచి తాగమని వీధుల్లో వెంటనే చెప్పించాలనీ రాశాడు.

రిజిస్టరు తీసుకెళ్ళి ఇంజనీరు ముందు పెట్టాడు. ఆయన రెండుసార్లు చదివాడు. "ఇది మీ మీదికీ వస్తుంది, తెలుసా?"

"తెలుసండీ."

"మీ బావమరిది..."

"అదీ తెలుసండీ."

ఇంజనీరు మైకుబండికి ఫోన్ కలిపాడు. చుక్కల బాబాయి ఓ కాగితం మీద రిజిస్టరు అందినట్టు ఆయన చేత సంతకం చేయించుకుని, దాన్ని అక్కడే వదిలి బయటికొచ్చాడు.