గడపకు ఒక మెట్టు కింద

ఇంజనీరింగు మూడో ఏడాదిలో నాయన కాలు విరిగి, ఐరాల దగ్గరి మా తోటలో మామిడి కోతలు నేనే చూసుకోవలసి రావడంతో సర్వే ప్రాక్టికల్స్‌లో నా హాజరు చాలలేదు. ఆ ఒక్క సబ్జెక్టు నాలుగో ఏడాది చివరిదాకా నా వెంట వచ్చింది. వేసవి తరగతుల్లో అది పూర్తయితే జూన్ చివరికి పట్టా వస్తుంది, చెన్నైలో ఉద్యోగంలో చేరవచ్చు. కాకపోతే మళ్ళీ వేసవి దాకా ఆగాలి. ఉద్యోగం ఆగదు.

తరగతులు ఇరవై నాలుగు రోజులు. ఒక్కరోజు మానినా పేరు కొట్టేస్తారు. తిరుపతిలోని మా హాస్టల్లో ఒక్క అంతస్తే తెరిచి ఉంచారు. సాయంత్రం ఆరింటికి గేటుకు తాళం. మధ్యాహ్నం మా గది పడమటి గోడ మీద అరచెయ్యి పది సెకన్లకు మించి ఉంచలేకపోయేదాన్ని. లెక్కపెట్టాను గనక చెబుతున్నాను.

పదహారో రోజు నాయన ఫోను చేశాడు.

"బేనీషా మామిడి కోతకొచ్చిందమ్మా. ఒక్క దినం రాలేవా?"

"వస్తే పేరు తీసేస్తారు నాయనా."

"అదేం సదువమ్మా, జైలు మాదిరి!"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

చివరి పరీక్ష లెవలింగ్, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం. ప్రాంగణంలోని వినాయకుడి గుడి గడప రాయి మీద ఉలితో చెక్కిన గుర్తు ఒకటుంది. గీతలున్న పొడవాటి స్టాఫ్‌ను ఆ గుర్తు మీద నిలబెట్టి, లెవల్ యంత్రంలోంచి చదివి, ఎనిమిది వందల పది మీటర్లు చుట్టి, తిరిగి అదే గుర్తు మీద ముగించాలి. మొదటి ఎత్తుకూ చివరి ఎత్తుకూ తేడా పదకొండు మిల్లీమీటర్లు దాటకూడదు.

శుక్రవారం ఉదయం ఆరింటికి మొదలుపెట్టాం. సగం దారి నా జోడీ అయిన పీలేరు అమ్మాయి స్టాఫ్ పట్టుకుంది, మిగతా సగం నేను. ఎనిమిదిన్నరకు లెక్క కడితే తేడా నూట యాభై ఎనిమిది మిల్లీమీటర్లు వచ్చింది.

"సరిగ్గా సూసినావా?" అన్నాను.

"నేను బాగానే సూసినా. నువ్వు యాడ పెట్టినావో చెప్పు."

"గుడికాడే."

"గుడికాడ యాడే తల్లీ? దేవుడి నెత్తిమీదా?"

అప్పుడు గడపవైపు చూశాను. ఆరింటికి అది వట్టి రాయి. నేను చుట్టి వచ్చేసరికి పసుపు పూసి, ముగ్గు వేసి, కుంకుమ బొట్లు పెట్టారు. దారిపొడుగునా నేలమీద ఆనిన స్టాఫ్ అడుగును ఆ ముగ్గు మీద పెట్టాలన్న ఊహే నాకు రాలేదు. ఆలోచించి మానింది కాదు. చెయ్యి తనంతట తానే దాన్ని కింది మెట్టు మీద ఆనించింది. టేపుతో కొలిచాను. మెట్టు ఎత్తు నూట యాభై అయిదు.

"ఒక్క అంకె మార్సెయ్యి. ఎవురు సూసినారు?" అంది పీలేరు అమ్మాయి.

పెన్సిల్ చేతిలోనే ఉంది. దాన్ని పుస్తకంలో పెట్టి మూసేశాను. తర్వాత వెళ్ళి సర్వే సారుకు చెప్పాను. ఆయన పుస్తకం చూసి, గడప చూసి, "ముగ్గుకు మార్కులు లేవమ్మా" అన్నారు. యంత్రం తర్వాతి జట్టుకు వెళ్ళిపోయింది. గుడికి ముందు చివరిసారి స్టాఫ్ ఆనించినచోట సుద్దతో పెట్టిన గుర్తు చెదరలేదు కనుక ఆ ఒక్క భాగం మర్నాడు ఉదయం మళ్ళీ చేయమన్నారు. ఆ మర్నాడే ఇరవై నాలుగో రోజు.

శనివారం వెళ్ళేసరికి గుడి ఊడ్చే అవ్వ కొత్త ముగ్గు ముగించి లేస్తోంది.

"అవ్వా, దీన్ని ఈడ పెట్టాల."

"పెట్టు."

"ముగ్గు చెరుగుతాది."

"చెరిగితే మళ్ళా ఏస్తా. దానికోసరం సదువు పోగొట్టుకుంటావా, పిచ్చిదానా?"

పెట్టాను. స్టాఫ్ నిలువుగా నిలవలేదు. "కదలొద్దే!" అని అరిచింది పీలేరు అమ్మాయి. తేడా మూడు మిల్లీమీటర్లు. సారు సంతకం చేశారు.

స్టాఫ్ ఎత్తినచోట ముగ్గు మధ్య చిన్న దీర్ఘచతురస్రం ఖాళీ అయింది. అవ్వ రెండు వేళ్ళతో పిండి తీసి దాన్ని పూడ్చింది. అక్కడి నుంచే నాయనకు ఫోను చేశాను.

"అయిపోయింది నాయనా. రేపు కోతకు నేనుంటా."

"కోత నిన్నటితో అయిపాయమ్మా," అన్నాడు. "నిదానంగా రా."