మిషను ఆగితేనే వినిపించే కైలాసకోన

మా అక్క మునెమ్మ నగరిలో మరమగ్గాల షెడ్డులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసింది. సెలవు దొరికితే మేమిద్దరం కైలాసకోన జలపాతానికి వెళ్లి, ఆకలయ్యేదాకా నీళ్ల కింద నిలబడేవాళ్లం. ఇప్పుడామె ఊపిరితిత్తులు పాడై తిరుపతిలో నా దగ్గరే ఉంటోంది. ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను. రెండేళ్లుగా ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. ఒకరోజు ఉన్నట్టుండి, "ఆ నీళ్ల సప్పుడు ఒక్కసారి ఇనాలని ఉండాది పాపా. తడవకపోయినా పర్లేదు," అంది.

మిషను కరెంటుతో నడుస్తుంది. మా వ్యాన్ బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలిస్తే, ఇంజన్ ఆపాక బ్యాటరీ దిగిపోయి అడవి అంచున ఇరుక్కుపోతాం. రేణిగుంట రోడ్డులో బండ్ల వైరింగ్ చేసే బాషా దీనికి దారి చూపించాడు. సీటు వెనక రెండో బ్యాటరీ పెట్టి, రెండింటి మధ్య ఐసోలేటర్ అనే అరచేతంత పెట్టె బిగించాడు. దానికీ వైరింగుకూ ఐదు వేలయింది, బ్యాటరీ, ఇన్వర్టర్ వేరే.

"ఇంజన్ ఆడేటప్పుడు ఇది రెండిట్నీ కలుపుతాదక్కా, రెండూ ఛార్జయితాయి. ఇంజన్ ఆపితే ఇడదీస్తాది. మిషను రెండోదాన్నే వాడుకుంటాది, మొదటిదాన్ని ముట్టుకోదు. మీ బండి స్టార్టయ్యేదానికి ఏం ఢోకా లేదు," అన్నాడు.

డాక్టరు ఒప్పుకున్నాక, ఒక నిండు ఆక్సిజన్ సిలిండరు కూడా వేసుకుని ఉదయం ఆరున్నరకు బయల్దేరాం. వడమాలపేట, పుత్తూరు మీదుగా నిదానంగా గంటన్నర. పుత్తూరులో ఇడ్లీలమ్మే ఆమె అక్క ముక్కుకున్న గొట్టం చూసి, పొట్లం తానే కిటికీ దగ్గరికి తెచ్చింది.

"యాడికి పోతాండారు?"

"నీళ్ల కాడికి," అంది అక్క చిన్నపిల్లలా.

మేం బండి ఆపిన చోటి నుంచి జలపాతం కనిపించదు. నడిచి వెళ్లడం ఆమెవల్ల కాదు. ఇంజన్ ఆపాను. కాసేపటికి బ్యాటరీలు విడిపోయినట్టు ఐసోలేటర్ మీది దీపం ఆరింది, మిషను మాత్రం ఆగలేదు. కానీ దాని గురగురలో అక్కకు ఇంకేమీ వినిపించలేదు. కిటికీలోంచి చెవి బయటపెట్టి కూర్చుంది. గంట గడిచింది.

"పోదామా అక్కా?"

"ఇంకొంచేపుండు."

రెండు గంటలు వస్తుందనుకున్న రెండో బ్యాటరీ గంటంబావుకే అయిపోయింది. మిషను కీచుమని అరిచి ఆగిపోయింది. గొట్టాన్ని సిలిండరుకు మార్చాను. "ఊపిరాడతాండాదా?" అని అడుగుతుంటే అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది. చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం. చెట్ల వెనక, బండ మీద పడుతున్న నీళ్లు.

"ఇనపడతాండాది," అంది.

నేను తాళం తిప్పబోతే మణికట్టు పట్టుకుంది. సిలిండరు మీటరు ముల్లునే చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఆమె కళ్లు తెరవలేదు. ఆ తర్వాత తాళం తిప్పగానే, బాషా చెప్పినట్టే, ఇంజన్ మొదటిసారికే అందుకుంది. ఇన్వర్టర్ మళ్లీ లేచింది, మిషనూ మొదలైంది.

నేను ఆ జలపాతాన్ని ఎన్నోసార్లు చూశాను కానీ, దానికోసం ఒక మనిషి అంత ఆశపడటం అప్పుడే చూశాను. అంత దూరం తీసుకెళ్లగలిగిన నేను ఆ చివరి నాలుగడుగులు వేయించలేకపోయాను. ఆ నాలుగడుగులే ఇప్పటికీ నా మనసులో తిరుగుతున్నాయి.

ఇలాంటి ప్రయాణం అనుకుంటే, ముందే ఇంటి దగ్గర ఇంజన్ ఆపి, రెండో బ్యాటరీ మీద మిషను ఎంతసేపు నడుస్తుందో చూసుకోండి. అందులో సగమే నమ్మండి. నిండు సిలిండరు మాత్రం తప్పకుండా వెంట ఉంచుకోండి. అక్కడికి చేరాక మీరు తీసుకెళ్లినవాళ్లు ఇంకాసేపు ఉందామంటారు.