సుద్దముక్క పడని ఇంజిన్

మీ బండి చక్రం కింద ఆఖరిసారి నిమ్మకాయ పెట్టినప్పుడు మీరు నిజంగా దేనికి భయపడ్డారో చెప్పగలరా? ప్రమాదానికా, పక్కింటివాళ్ల మాటకా, లేక "పెట్టకపోతే ఏమవుతుందో" అన్న ఆ ఒక్క ఆలోచనకా? నా మీద విసుక్కోకండి. ఈ ప్రశ్న అడిగే అర్హత నాకుందో లేదో చివరికి మీరే తేల్చండి. ఆ రోజుల్లో, అంటే ఓ పన్నెండేళ్ల కిందట, పటాన్‌చెరు దగ్గర గేర్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను ట్రైనీగా ఉండేవాణ్ని. ఇస్నాపూర్‌లో కిరాయి గది. ఆదివారం వస్తే మా హేతువాద సంఘం వాళ్లతో ఏదో ఒక ఊరికి వెళ్లి, నాలుక మీద కర్పూరం వెలిగించి, "ఇందులో మహిమ లేదు, ఉన్నది ఉమ్మి ఒక్కటే" అని ఉపన్యాసం దంచేవాణ్ని. భయమన్నది ఆలోచించని వాళ్లకే పుడుతుందని, నాకు ఆ అవయవమే లేదని గట్టి నమ్మకం. (ఉందని, అది పొత్తికడుపులో ఉంటుందని తర్వాత తెలిసింది.)

నాకున్న రెండో పిచ్చి బొమ్మ రైళ్లు. ఆ పిచ్చి అంటించింది సంగారెడ్డిలో ఉండే ఒక రిటైర్డు మెయింటెనెన్స్ ఇంజినీరు. అందరూ ఆయన్ని రైలు సార్ అనేవారు. ఆయన ఇంటి ముందు గదిలో కుర్చీలు ఉండవు, పట్టాలు ఉంటాయి. చుట్టాలు వస్తే స్టేషన్ పక్కన చాప మీద కూర్చోవాలి. ఒకనాడు తన దగ్గర ఉన్న మూడు పాత ఇంజిన్లను వరసగా పెట్టి, "ఒకటి ఏరుకో బిడ్డా, నీకే ఇస్త" అన్నారు. నేను ఆలోచించకుండా ఎర్రటి ఇంజిన్ మీద చెయ్యేశాను. దాని అందం అలాంటిది. సార్ దాని వెనక ఒక ఖాళీ వ్యాగన్ తగిలించి, అందులో ఒక సుద్దముక్కను నిలువుగా నిలబెట్టి, పట్టాలకు కరెంటిచ్చే రెగ్యులేటర్ నా ముందుకు జరిపారు. నేను రెగ్యులేటర్ తిప్పాను. ఇంజిన్ కప్పలా ఎగిరింది, సుద్దముక్క గదిలో ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

"ఉరుకుడు ఎవ్వడన్న ఉరుకుతడు," అన్నారు సార్. "నడువుమను. మెల్లగ నడిచేదే మంచి ఇంజిన్."

రెండోది నల్లటి ఆవిరి ఇంజిన్. నడిచింది కానీ మిక్సీలో కందులు వేసినట్టు మోత. సుద్దముక్క ఆ వణుకుకే ఒరిగిపోయింది. మూడోది గోధుమ రంగు డీజిల్ ఇంజిన్, రంగు వెలిసి, ఒక మూల చెక్కు లేచి ఉంది. పెళ్లిచూపుల్లో అయితే మొదటి చూపులోనే తిప్పి పంపేవాళ్లు. అరచేతిలోకి తీసుకుంటే మాత్రం బరువుగా ఉంది. సార్ దాన్ని వెల్లకిలా తిప్పి చూపించారు. మిగతావాటికి రెండు మూడు చక్రాలే పట్టాల నుంచి కరెంటు తీసుకుంటాయి, దీనికి అన్నీ తీసుకుంటాయి. లోపల మోటారుకు ఒక చిన్న బరువు చక్రం కూడా బిగించి ఉంది. కరెంటు ఒక క్షణం తెగినా అది తిరుగుతూనే ఉండి బండిని ముందుకు నెడుతుంది. రెగ్యులేటర్ తిప్పితే అది కదిలిందో లేదో తెలియనంత నెమ్మదిగా కదిలింది. సుద్దముక్క చలించలేదు. నేను దాన్ని దస్తీలో చుట్టుకుని, ఇస్నాపూర్ దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. వచ్చేముందు సార్ గుమ్మంలో నిలబడి, "పట్టాలు తుడుస్తుండు, మైల పడితే కరెంటు ఎక్కది" అని రెండుసార్లు చెప్పారు. నేను రెండుసార్లు తలూపాను. అంతే, తలూపాను.

ఇక మా ఫ్యాక్టరీ సంగతి. అక్కడ చాయ్ పోసే ఆమెను అందరం చాయక్క అనేవాళ్లం. ఆమెకు పదేళ్ల బిడ్డ ఉంది. ఆ పిల్ల ఉన్నట్టుండి పడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నోట నురగ కక్కేది. ఊరంతా గాలి సోకిందని తేల్చింది. ఒక మంత్రగాడు దీపావళి అమావాస్యకు పిల్లను తీసుకురమ్మని, వాతలు పెడితే గాలి వదులుతుందని చెప్పాడు. వాతలంటే మీకు తెలుసుగా? ఎర్రగా కాల్చిన ఇనుము. పదేళ్ల పిల్ల ఒంటి మీద. ఈ మాట వినగానే నేను క్యాంటీన్‌లో బెంచీ ఎక్కినంత పని చేశాను. అది ఫిట్స్ జబ్బని, దానికి మందులున్నాయని, సంగారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకెళ్లమని అరిచాను. చాయక్క గ్లాసుల్లో చాయ్ పోస్తూనే అంది:

"నువ్వు చెప్పుడు సల్లగనే ఉంటది తమ్మీ. నీకేం, పెండ్లా, పిల్లనా. రేపు దానికేమన్న అయితె?"

"ఏం గాదక్కా. భయం తప్ప ఇంకేం లేదు."

పక్కనే పల్లీలు నములుతున్న మేస్త్రి అందుకున్నాడు. మేస్త్రి అంటే మా ఫోర్‌మెన్, యాభై దాటినవాడు, నన్ను సైన్సు అని పిలిచేవాడు. "ఏయ్ సైన్సూ, గంత ధైర్యముంటె ఆయుధపూజ నాడు పూజ లేకుండ ఒక్క మిషిన్ నడిపి సూపియ్యి. నేనైతె చీపురుక్కూడ బొట్టు పెట్టకుండ ఇడిచిపెట్ట."

అదీ నిజమే. ఆ రోజు మా ఫ్యాక్టరీలో లేత్ నుంచి తూకం కాటా దాకా పసుపు కుంకుమ తప్పించుకున్న వస్తువు ఉండదు. పూజ లేని యంత్రం ఎక్కడి నుంచి తేను? ఆ క్షణంలో నోరు జారింది. "నా రైలింజిన్ ఉన్నది. పూజ లేదు, నిమ్మకాయ లేదు. నడిపి చూపిస్త."

చాయక్క కెటిల్ కింద పెట్టింది. "రాహుకాలంల నడుపుతవా? ఏడు సుట్లు, నడుమ ఆగకుండ? నడిస్తె నా బిడ్డను నువ్వు చెప్పిన దవాఖానకు తోల్కపోత. ఆగితె మాత్రం ఇగ నాకేం చెప్పొద్దు తమ్మీ. నా తిప్పలేందో నేను పడ్త."

అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "ఆగకుండనే కాదక్కా, వ్యాగన్‌ల సుద్దముక్క నిలబెడ్త, అది గూడ పడది" అన్నాను. (ఆ షరతు ఎవరూ అడగలేదు. నా జీవితంలో నాకు జరిగిన నష్టాల్లో సగం, ఎవరూ అడగని మాటలు కలపడం వల్ల జరిగినవే.)

పూజకు ముందురోజు సాయంత్రమే ప్యాకింగ్ గదిలోని పెద్ద బల్ల మీద పట్టాలు గుండ్రంగా పరిచి వెళ్లాను. మర్నాడు పొద్దున పది గంటలకు, అందరూ షెడ్డులో యంత్రాలు కడుగుతుండగా, ఒక్కణ్నే వెళ్లి నడిపి చూశాను. ఇంజిన్ నాలుగు జానలు నడిచి, మలుపులో ఎక్కిళ్లు పట్టినట్టు ఆగి, ఒక్కసారి ముందుకు దూకింది. సుద్దముక్క పడింది. మళ్లీ నిలబెట్టాను. మళ్లీ పడింది. మూడోసారి ఇంజిన్ కదలనే లేదు. తీగలు చూడాలి, అతుకులు చూడాలి, చక్రాలు చూడాలి, అన్నీ తెలుసు. అవేవీ చూడకుండా ఫోన్ తీశాను. సార్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. నా కళ్ల ముందు పట్టాలు లేవు, కాల్చిన ఇనుము ఉంది. ఇంజిన్ ఆగితే చాయక్క ఆ పిల్లను ఎక్కడికి తీసుకెళ్తుందో నాకు తెలుసు. అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. దాన్ని ఇన్నేళ్లలో మా సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ఏమో, ఒకవేళ వీళ్లు చెప్పేదే నిజమైతే?

కిటికీ పక్కన పూజ బుట్ట ఉంది. అందులో నిమ్మకాయలు ఉన్నాయి.

ఇటూ అటూ చూసి ఒకటి తీసుకున్నాను. ఇంజిన్ చక్రం కింద పెడదామంటే ఇంజిన్ ఎంత ఎత్తో నిమ్మకాయా అంతే ఎత్తు. ఏనుగును తొక్కమని ఎలుకను పురమాయించినట్టుంది. చివరికి హ్యాక్సా బ్లేడుతో రెండు పలుచటి ముక్కలు కోసి, రెండు పట్టాల మీదా పెట్టి, ఇంజిన్‌ను చేత్తో నెట్టి తొక్కించాను. రసం పట్టాల మీద పారింది. నా పెదాలు వాటంతటవే ఏదో గొణిగాయి. ఏం గొణిగాయో అడగకండి. మరుక్షణం షెడ్డులో ఎవరో నవ్వారు. నన్ను చూసే నవ్వారనుకుని ప్రాణం పోయింది. ముక్కలు కిటికీలోంచి పొదల్లోకి విసిరేసి, జేబులోంచి దస్తీ తీసి, ఆ దొంగతనం ఆనవాలు లేకుండా పట్టాలు మొదటి నుంచి చివరి దాకా తుడిచాను. చాలక మళ్లీ తుడిచాను. చక్రాలు ఒక్కొక్కటి తిప్పి తుడిచాను. దోషి తుడిచినంత శ్రద్ధగా పనివాడు ఎప్పుడూ తుడవడు.

పన్నెండింటికి రాహుకాలం మొదలైంది. బల్ల చుట్టూ ఫ్యాక్టరీ అంతా చేరింది. మేస్త్రి నొసట రూపాయంత బొట్టుతో ఎదురుగా నిలబడి, "కానియ్యి సైన్సూ, యముడు గేటు కాడ బండి పార్కింగు జేస్తున్నడు" అన్నాడు. అందరూ నవ్వారు. చాయక్క నవ్వలేదు. కెటిల్‌ను రెండు చేతులతో పట్టుకుని, సుద్దముక్కనే చూస్తోంది. నేను రెగ్యులేటర్ తిప్పాను. గోధుమరంగు ఇంజిన్ కదిలింది, చీమలా, చప్పుడు లేకుండా. మలుపు దాటింది. ఒకటి. రెండు. మూడో చుట్టులో సుద్దముక్క కాస్త ఊగినట్టనిపించి బల్ల అంచు పట్టుకున్నాను. అయిదో చుట్టులో షెడ్డులో ఎవడో కంప్రెసర్ ఆన్ చేశాడు, గదిలో లైటు ఒక్క క్షణం ఆరి వెలిగింది. "ఆగె, ఆగె!" అని అరిచారు. ఆగలేదు. లోపలి ఆ చిన్న బరువు చక్రం దాన్ని ముందుకు నెట్టేసింది. ఆ క్షణంలో ఎర్ర ఇంజిన్ అయితే నా కథ అక్కడే ముగిసేది, ఆ పిల్ల కథ కూడా. ఆరు. ఏడు. నేను ఆపినప్పుడు సుద్దముక్క నిలబడే ఉంది. నేనే కూర్చుండిపోయాను.

"నడిచింది," అని ఒప్పుకున్నాడు మేస్త్రి. వెంటనే సర్దుకుని, "పక్కన మేం జేసిన పూజ గాలి తగిలి నడిచింది" అన్నాడు.

చాయక్క ముందుకొచ్చింది. వంగి, ఇంజిన్‌ను ముఖం ఆనేంత దగ్గరగా చూసి, నాకు చాయ్ పోసింది. కప్పులో సగం, సాసరులో సగం. మర్నాడు దసరా. ఆ మర్నాడు పొద్దున దవాఖానకు తోడు వెళ్దామని నేను పోయిన ఇస్నాపూర్ బస్టాపులో, చాయక్క పిల్ల చెయ్యి పట్టుకుని నాకంటే ముందే నిలబడి ఉంది. దవాఖానలో ఫిట్స్ జబ్బే అన్నారు. మాత్రలు రాసిచ్చి, ఒక్క పూట కూడా మానొద్దన్నారు. అమావాస్య వచ్చి వెళ్లిపోయింది, పిల్ల ఒంటి మీద ఏ మచ్చా లేకుండా.

నన్ను మాత్రం ఆ నిమ్మకాయ తినేసింది. వారం ఆగలేక సంగారెడ్డి వెళ్లి సార్ ముందు అంతా కక్కేశాను. ఆయన "ఆ దస్తీ ఏది?" అన్నారు. ఉతకని దస్తీ బ్యాగులోంచి తీశాను. బొగ్గు తుడిచినట్టు నల్లగా ఉంది.

"గిదేంది? మీ మిషిన్ల నూనె పొగ రాత్రంత పట్టాల మీద కూసున్నది. తుడువుమని రెండుసార్లు చెప్పిన్నా లేదా? నీకు సాయం జేసింది నిమ్మకాయ కాదు బిడ్డా, సిగ్గు. సిగ్గుకు తుడిచినవు, బండి నడిచింది." నవ్వి నవ్వి ఆయనకు దగ్గొచ్చింది.

ఈ మధ్యే కొల్లూరులో సర్కారు కట్టిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీలో చాయక్కను కలిశాను. ఆ పిల్ల ఇప్పుడు అక్కడ చిన్నపిల్లలకు ట్యూషన్లు చెబుతోంది, ఇంకా మాత్రలు వేసుకుంటుంది, పడిపోయి చాలా ఏళ్లయింది. చాయ్ తాగుతూ ధైర్యం తెచ్చుకుని, "అక్కా, నీకొక మాట చెప్పాలె" అని మొదలుపెట్టాను.

"నిమ్మకాయ సంగతేనా?" అంది.

నా పొత్తికడుపులోని ఆ పాత అవయవం మళ్లీ మేలుకుంది. "నీకెట్ల ఎర్క?"

"వాసనొచ్చింది తమ్మీ. బండి దగ్గర వంగి సూసిన గద."

"మరి గప్పుడే ఎందుకు అడగలె?"

"అడిగితె నువ్వు ఆడనే సచ్చిపోతుంటివి." చాయ్ ఒక గుక్క తాగి అంది: "భయం లేదు, భయం లేదు అని నువ్వు మొత్తుకున్నన్ని దినాలు నాకు నీ మీద నమ్మకం రాలె. గింత లొల్లి జేసేటోడు గూడ లోపల నా లెక్కనే వణుకుతున్నడు, వణుక్కుంటనే నిలవడ్డడు అనుకున్న. గట్లయితె నేను గూడ వణుక్కుంటనే పోదామనుకున్న."

ఆ గోధుమ రంగు ఇంజిన్ ఇప్పుడు నా రాతబల్ల మీద ఉంది. అప్పుడప్పుడు పట్టాలు తుడిచి, వ్యాగన్‌లో సుద్దముక్క నిలబెట్టి నడుపుతాను. బల్ల అంచు పట్టుకున్న ఆ ట్రైనీ కుర్రాడు బల్ల అవతలి నుంచి నన్ను చూసి నవ్వినట్టుంటుంది. నేనూ నవ్వుతాను. వాడి ఉపన్యాసాలు నాకు ఒక్కటీ గుర్తులేవు, వాడి దస్తీ గుర్తుంది.

మీ ఇంట్లో, మీ వీధిలో, మీరు పనిచేసే చోట ఫిట్స్‌తో పడిపోతున్న పిల్ల ఉందా? వాళ్ల అమ్మకు ఉపన్యాసం ఇవ్వకండి. భయం పోయాక చూద్దామని ఆగకండి, అది పోదు. రేపు పొద్దున ఆ తల్లికంటే ముందే బస్టాపుకు వెళ్లి నిలబడండి. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకెళ్లండి.