రబ్బరు పరిగెలకు బండి మెరుపు

బండి మెరవకపోతే ఆ పెయింటరు బతికీ దండగే అని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఒక ఉస్తాదు దగ్గర పనిచేసేవాణ్ణి. మోటార్ సైకిల్ ట్యాంకుల మీద మంటలు, గద్దలు, లారీ వెనక తలుపు మీద కొండలూ కొలనూ, ఆటోల మీద పిల్లల పేర్లు, ఇవీ మా పనులు. అన్నీ ఎయిర్ బ్రష్‌తోనే. (తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పెన్నంత గొట్టం, దానిమీద చెంచాడు రంగు పట్టే చిన్న గిన్నె, వెనకాల గురకపెట్టే కంప్రెసరు. మీట నొక్కితే రంగు పొగలా వస్తుంది.) ఉస్తాదుకు అరవై దాటినా చెయ్యి మాత్రం ఇసుమంత కదిలేది కాదు. గీత గీసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. నేనేమో గీత గీస్తూనే క్రికెట్ కబుర్లు చెప్పేవాణ్ణి. అందుకే ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'తొందరోడా' అనేవాడు. చేజర్లలో ఉండే మా అమ్మకు కూడా నాకు ఆ పేరే సరిపోయిందనిపించింది.

ఇలా ఉండగా మా సందు మొదట్లోనే స్టిక్కర్లు కత్తిరించే మిషను ఒకటి దిగింది. మేము రెండు రోజులు కూర్చొని దించే గద్దను అది ఐదు నిమిషాల్లో కత్తిరించి పారేసేది. గిరాకీ అంతా అటు మళ్ళింది. ఉస్తాదుకు పగలంతా ఎయిర్ బ్రష్ విప్పడం, కడగడం, మళ్ళీ బిగించడం, ఇదే పని. అటువంటి రోజుల్లో నెల్లూరు నుంచి పళ్ళ డాక్టరు ఒకాయన వచ్చాడు. వారమంతా జనం చేత నోళ్ళు తెరిపించి, ఆదివారం సోమశిల డ్యాం వెనక నీళ్ళ దగ్గర కొర్రమీను చేత నోరు తెరిపించడం ఆయన సరదా. పన్నెండు రబ్బరు చేపలు, రంగు పరీక్షకని ఇంకో నాలుగు బల్లమీద పోశాడు. వేలెడంత పొడవు, రంగు లేకుండా పాలిపోయి, పట్టుకుంటే జున్నులా వణుకుతున్నాయి. గాలానికి గుచ్చి నీళ్ళలో లాగితే తోకాడిస్తాయట. దుకాణాల్లో రంగులేసినవి దొరుకుతాయి గానీ అవన్నీ పై దేశాల చేపల రంగులనీ, మన కొర్రమీను వాటిని చూసి మొహం తిప్పుకుంటున్నదనీ ఆయన బాధ. కొర్రమీను తినే మన చిన్న చేపలు, పరిగెల్లాగా రంగు వేసిపెడితే, వాళ్ళ గాలాల బృందం మొత్తం ఇక్కడికే వస్తుందన్నాడు.

ఉస్తాదు ఒక చేపను తీసుకొని దాని తోకను అటూ ఇటూ వంచి చూశాడు. చాలాసేపు వంచాడు. డాక్టరు వెళ్ళాక నా వైపు తిరిగి, "దీనిమీద స్టిక్కరు నిలవదురా" అన్నాడు. ఏడాదిగా ఆయన మొహంలో నేను చూడని కళ అది. మిషను చెయ్యలేని పని ఒకటి దొరికింది. అది నిలబెట్టుకుంటే మా పని బతుకుతుంది, ఆయన చేతికి విలువ మిగులుతుంది. నాకూ ఆ సంగతి తెలుసు. తెలిసే చేశాను చూడండి ఆ తర్వాత చేసింది.

రంగు పట్టించడమే పెద్ద గండం అయింది. ట్యాంకుల రంగు కొడితే తోక వంచగానే పగిలింది. ఆయిల్ రంగు వారమైనా ఆరలేదు. ఉస్తాదు భార్యను నేను చాచీ అనేవాణ్ణి. ఆమె గోళ్ళ రంగు కూడా అడిగి తెచ్చి చూశాం. (ఆ సీసా తిరిగివ్వలేదని ఆమె నన్ను ఆరు నెలలు దెప్పింది.) చివరికి ఉస్తాదు ఒక రబ్బరు చేప తోక కోసి, రంగు పల్చన చేసే ఘాటైన థిన్నర్లో నానబెట్టి, అది కరిగాక అందులో రంగు కలిపాడు. అప్పుడు రంగే రబ్బరైపోయి, తోకతో పాటు వంగింది. ఎంత రంగుకు ఎంత థిన్నరో ఆయన చెయ్యే చూసుకునేది. పక్కనే కూర్చున్న నేను ఫోన్ చూసుకుంటూ "బాగుంది ఉస్తాద్" అంటూ ఉండిపోయాను.

తర్వాత సోమశిల నుంచి బతికున్న పరిగెలు తెప్పించి ప్లాస్టిక్ టబ్బులో వదిలాడు. వాటి ముందు పీట వేసుకొని రోజంతా కూర్చునేవాడు. సందులో వాళ్ళు వచ్చి కిలో ఎంతకిస్తారని అడగడం మొదలుపెట్టారు. రాత్రికి టబ్బు ఇంటికి తీసుకెళ్ళేవాడు. రెండు రోజులు ఓర్చుకున్న చాచీ మూడోనాడు ఆ పరిగెలన్నిటినీ వేపుడు చేసేసింది. ఇంట్లో చేపలుంచుకొని పప్పు తినేదేందని ఆమె వాదన. ఉస్తాదు పళ్ళెం ముందు కూర్చొని, ఒక్కో చేపనూ తిప్పి చూసి, తోక దగ్గరి మచ్చ ఎక్కడుందో గుర్తుపెట్టుకొని మరీ తిన్నాడట. మరునాడు పని మొదలైంది. వీపున ఆకుపచ్చ కలిసిన నలుపు, పక్కన పల్చటి వెండి, వెల్లుల్లి పాయలొచ్చే వల సంచిని చేప మీద బిగించి పొగలా కొడితే పొలుసులు, తోక మొదట్లో ఒక మచ్చ. పొట్టకు మాత్రం రంగే వేయలేదు. పైనుంచి చూసేవాడికి నీళ్ళ రంగు, కిందనుంచి చూసేవాడికి ఆకాశం రంగు కనపడాలనీ, అల్లా పరిగెను దాక్కునేదానికే అట్లా చేసినాడనీ చెప్పాడు.

పన్నెండు చేపలూ క్లిప్పులకు వేలాడుతుంటే చూసి నాకు నీరసం వచ్చింది. మెరుపు లేదు, కంటికి ఆనలేదు. మురికి నీళ్ళలో పడేస్తే మళ్ళీ కనపడవేమో అనిపించింది. (అలా కనపడకపోవడమే అందులో పనితనమని నా మట్టిబుర్రకు తట్టలేదు.) గురువారం ఉస్తాదు ఎప్పటిలాగే అనుమసముద్రంపేట దర్గాకు పోయాడు. మెరుపు కోసం చివర్లో వేసే రంగులేని పూత, క్లియర్, కొట్టకుండా మా కొట్టు నుంచి ఇంతవరకూ ఏదీ బయటికి పోలేదు కదా, వీటిని మాత్రం ఇలా పంపితే డాక్టరు ఏమనుకుంటాడు అని నా పెద్దరికం బయలుదేరింది. బండి ట్యాంకుకు కొట్టే క్లియర్ తీసి, అది గట్టిపడేందుకు హార్డెనర్ కలిపి, చక్కగా రెండు కోట్లు కొట్టి ఎండకు పెట్టాను. అబ్బో, ఏం మెరుపు! ఉస్తాదు వచ్చి చూసి నా భుజం తట్టినట్టు కూడా ఊహించుకున్నాను. ఆయన కంటే ముందు డాక్టరు వచ్చాడు. ఏదో పనిమీద ఇటొచ్చానని, అయిపోయాయి కదా అని అడిగి, మెరుపు చూసి ముచ్చటపడి, డబ్బాలో సర్దుకొని వెళ్ళిపోయాడు. ఆదివారం ఉస్తాదును కూడా తప్పకుండా రమ్మన్నాడు. ఉస్తాదు వచ్చాక చేపలు ఇచ్చేశానని చెప్పాను. క్లియర్ సంగతి మాత్రం అక్కడ అందరూ మెచ్చుకున్నాక చెబుదామని దాచుకున్నాను.

ఆదివారం ఉస్తాదు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా బండి వెనక కూర్చొని, దారిపొడుగునా పరిగె గురించే చెప్పాడు. ఒడ్డున డాక్టరు స్నేహితులు ఏడెనిమిది మంది ఉన్నారు. డాక్టరు డబ్బా తెరిచేసరికి పై వరసలో ఒక్కటి తప్ప చేపలన్నీ ఒకదానికొకటి అంటుకొని ముద్దయిపోయి ఉన్నాయి. రబ్బరుకు రబ్బరు తగిలినచోట క్లియర్ పూర్తిగా ఆరదని నాకప్పుడు తెలిసింది. దేనికీ తగలక గట్టిపడిన ఆ ఒక్కదాన్నే గాలానికి గుచ్చి విసిరాడు. నాలుగోసారి లాగేసరికి తోక దగ్గర పగిలి, క్లియర్‌తో పాటు రంగంతా గుడ్డు పెంకులా ఊడొచ్చింది. పైకొచ్చింది ఉత్త తెల్ల రబ్బరు. ఎవరో నవ్వారు. డాక్టరు మంచివాడు, పర్లేదు సాయిబుగారూ, మొదటిసారి కదా అన్నాడు. ఉస్తాదు వంగి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక పెచ్చు ఏరుకున్నాడు. దగ్గరి చూపు కళ్ళద్దాలు కొట్లోనే మర్చిపోయాడు. తడిసిన పెచ్చును అరచేతిలో పెట్టుకొని వేలితో రుద్ది, నన్ను పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పరా. నేను రంగేసి పెట్టినాక దీనిమీద ఏమన్నా కొట్టినావా?"

"లేదు ఉస్తాద్" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. అంతమంది ఎదుట తిట్లు తినాల్సి వస్తుందని భయం. సాయంత్రం కొట్లో చెబుదామనుకున్నాను. సాయంత్రం ఆయన మొహం చూశాక రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆయన ఎయిర్ బ్రష్‌ను శుభ్రంగా కడిగి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టేశాడు. నా చెయ్యి లెక్క తప్పిందిలే, వయసు ఊరుకుంటుందా అని నాకే సర్దిచెప్పాడు. అప్పుడన్నా నోరు విప్పొచ్చు కదా! విప్పలేదు. రెండు నెలలకు కొట్టు మూసేసి, చాచీతో కలిసి ఉదయగిరిలో కూతురింటికి వెళ్ళిపోయాడు. నేనేం చేశానో కూడా చెప్పేస్తాను, దాచుకునేదేముంది: ఆ స్టిక్కర్ల కొట్లోనే పనికి చేరాను. ఇప్పుడు నాకూ సొంతంగా ఒక మిషను ఉంది. నన్ను సారు అంటారు.

పోయినేడు ఉదయగిరిలో ఒక స్కూలు బస్సుకు పేరు అంటించాల్సి వచ్చి వెళ్ళాను. పని అయ్యాక కాళ్ళు వాటంతట అవే ఉస్తాదు ఇల్లు వెతికాయి. వరండాలో కుర్చీలో ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి ఎంత సంతోషించాడో! చాచీ టీ తెచ్చింది. ఆ టీ చల్లారేదాకా కప్పు పట్టుకొని కూర్చొని, చివరికి చెప్పేశాను. ఆ చేపల మీద క్లియర్ నేనే కొట్టాననీ, మీరు అడిగితే లేదని అబద్ధం చెప్పాననీ.

"ఎన్ని కోట్లు?" అన్నాడు ఉస్తాదు.

"రెండు."

"హార్డెనర్ కలిపినావా?"

"కలిపినాను ఉస్తాద్."

ఆయన కాసేపు తల ఊపాడు. "అయితే నా రంగు ఊడలేదు. నీ క్లియర్ దాన్ని పెరుక్కోని పోయింది" అన్నాడు. లేచి నన్ను కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. వేళ్ళు సన్నగా అదురుతున్నాయి. "అప్పుడు బాగానే ఉన్నాయి రా ఇవి. ఇప్పుడు నిజంగానే వణుకుతా ఉండాయి. మరి ఇన్నేళ్ళు నేను ఊరికే కూర్చున్నానే." కోపంగా అనలేదు, నన్నే అడుగుతున్నట్టు అన్నాడు. చాచీ లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఆదివారాలు ఉదయగిరి పోతున్నాను. కంప్రెసరు, రబ్బరు చేపలు నేను తీసుకెళతాను. ఎయిర్ బ్రష్ పట్టుకునేది నేను, తిట్టేది ఆయన. ఈమధ్య శుక్లాల ఆపరేషన్ అయ్యాక కళ్ళు బాగా కనపడుతున్నాయి కాబట్టి తిట్లకు లోటు లేదు. నేను పొలుసులు కొడుతుంటే గీత వంకరపోయిందనీ, పొట్ట జోలికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాలనీ కేకలేస్తాడు. కానీ ఆ కలుపు మాత్రం కుదరడం లేదు. రంగు ఎంత, రబ్బరు ఎంత, థిన్నరు ఎంత అంటే ఆయనకు గుర్తు లేదు. అది చేతికి తెలిసిన లెక్క, చెయ్యేమో మర్చిపోయింది. నేర్చుకోవాల్సిన నేను అప్పుడు ఫోన్ చూసుకుంటున్నాను. మొన్న ఆదివారం కూడా తోక వంచగానే రంగు పెచ్చులుగా రాలింది. ఉస్తాదు ఆ పెచ్చును వెలుగులో పెట్టి చూసి, "రబ్బరు ఇంకొంచెం పడాల. వచ్చే వారం చూద్దాం, తొందర పడబాకు" అన్నాడు. ఇంకా ఎన్ని వారాలని ఆయన చెప్పలేదు, ఆ వయసు మనిషిని నేనూ అడగలేదు. బండి మీద ఆత్మకూరు తిరిగొస్తుంటే నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. క్లియర్ కొట్టేముందు ఒక్క సాయంత్రం ఆగి ఆయన్ను అడగలేకపోయిన తొందరోణ్ణి, ఇప్పుడు వారమంతా ఆదివారం ఎప్పుడొస్తుందా అని కూర్చుంటున్నాను.